ముందు వయసు, తర్వాత పేరు

ఆ రోజుల్లో అమీర్‌పేటలో ఎవరికీ పొడుగు పేర్లు ఉండేవి కావు. మా అమ్మానాన్నా ఐదు ముక్కల పేరు పెట్టి పంపితే, ఎస్.ఆర్. నగర్ హాస్టల్ రిజిస్టరులో రెండు రాలిపోయాయి, కోచింగ్ సెంటర్ ఫారంలో ఇంకో రెండు. మిగిలిన ఒక్క ముక్కతోనే పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నాను. మా సారు (మేం కత్తెర సారు అనుకునేవాళ్లం) రోజూ ఒకటే ఉదాహరణ చెప్పేవారు. మనిషి 'రవి 25' అని ఒక లైను టైపు చేస్తాడు. ప్రోగ్రాము దాన్ని చదివి, ఖాళీ ఉన్నచోట కోస్తుంది. మొదటి ముక్క పేరు, రెండో ముక్క వయసు. "గంతే, అయిపోయింది. రాస్కోండ్రి," అనేవారు. రాసుకున్నాం. లోకంలో అందరి పేర్లూ రవి అంతే ఉంటాయని నమ్మేశాను.

మూడేళ్లు తిరిగి తిరిగి పంజాగుట్టలో ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగం పట్టాను, అదీ ఆరు నెలల ప్రొబేషన్ మీద. చివరి వారం ఒక కంటి ఆసుపత్రికి టోకెన్ బోర్డు చేసే పని నా మెడకు చుట్టారు. కౌంటర్లో కూర్చునే ఆవిడ (అందరూ ఆపా అనేవాళ్లు, అంటే అక్క) పేరూ వయసూ ఒకే లైనులో కొడితే, వంతు వచ్చినప్పుడు అవి గోడమీది తెరపై పడాలి. (కంట్లో చుక్కలు వేసుకున్నవాళ్లకి తెర కనిపించదన్న సంగతి డాక్టరుతో సహా ఎవరికీ తట్టలేదు.) మొదలుపెట్టే రోజు మా బాసుగారు స్వయంగా వచ్చి నిలబడ్డారు. "మధ్యాహ్నానికి ఇది నడుస్తూ ఉంటే నీ ఆర్డరు మీద సంతకం పెడతానయ్యా. లేకపోతే ఏంటో నీకే తెలుసు," అన్నారు. తెలుసు. మళ్లీ బయోడేటా పట్టుకుని మెట్లెక్కే ఓపిక నాకు లేదు.

మొదటి ముగ్గురూ పొట్టి పేర్లవాళ్లే. నాలుగో మనిషి ఎర్రమంజిల్ క్వార్టర్స్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన. ఇంటిపేరుతో మొదలుపెట్టి, ఇద్దరు దేవుళ్లనీ వాళ్ల తాతగారినీ కలుపుకుని, మధ్యలో ఒకసారి ఊపిరి పీల్చుకుని, "అరవై రెండు," అన్నారు. ఆపా అంతా కొట్టింది. నా ప్రోగ్రాము ఇంటిపేరును పేరనుకుంది. రెండో ముక్కగా దొరికిన దేవుణ్ణి వయసు అనుకుని, ఎన్నేళ్లో లెక్క తేలక చచ్చి ఊరుకుంది. తెర నల్లబడింది.

"ఏంటయ్యా, నా దగ్గరికొచ్చేసరికే ఆగిపోయిందా?" అన్నారాయన.

"మీ పేరు కాస్త పెద్దదండీ. తగ్గించుకుంటే..."

"అందులో మా తాతగారున్నారు, దేవుళ్లున్నారు. ఎవర్ని తీసెయ్యమంటావు?"

సంచిలోంచి జిరాక్స్ నోట్సు తీస్తే, అది 'రవి 25' దగ్గరే ఆగింది. ఆ తర్వాతి పేజీ మా బ్యాచ్‌లో ఎవరి దగ్గరా లేదు. బాసుగారు గడియారం చూసుకుంటున్నారు. ఆపా నా వైపు వంగింది.

"జర ఆగు తమ్ముడూ, పరేషాన్ గాకు. వయసు ఎవరికైనా ఒకటే ముక్క గదా? అది ముందు కొడత. తర్వాత పేరు ఎంత పొడుగున్నా ఫికర్ లేదు."

నిజమే. మొదటి ఖాళీ దగ్గర ఒక్కసారి కోస్తే ముందుది వయసు, మిగిలిందంతా పేరు. అలాగే మార్చాను, నడిచింది. కాకపోతే తర్వాత వచ్చినావిడకి మండింది.

"పేరైనా అడక్కుండా వయసు అడుగుతారేంటమ్మా?"

"మిషన్ గట్లనే అడుగుతదమ్మా, నేనేం జేయాలె," అంది ఆపా.

మధ్యాహ్నం సంతకం పడింది. లైనును వెనక నుంచి కోసే విద్య కూడా ఉందనీ, నేను రాసిన 'స్ప్లిట్' అనే మాటకి ముందు ఒక్క 'ఆర్' చేరిస్తే పేరే ముందు అడిగి ఉండొచ్చనీ కొన్ని నెలలకి తెలిసింది. వెళ్లి మార్చడానికి బద్ధకించాను. ఉద్యోగం ఖాయమైనవాడి బద్ధకం.

ఇన్నేళ్లు తెరలు చూసి చూసి కళ్లు అలిసిపోయి, మొన్న ఆ ఆసుపత్రికే వెళ్లాను. ఆపా లేదు. కౌంటర్లో కొత్తమ్మాయి తలెత్తకుండానే, "వయసు సార్?" అంది.

"ముందు పేరు కదమ్మా అడగాలి," అన్నాను.

"ఈడ మొదట్నుంచి గిట్లనే సార్. ఎందుకో తెల్వదు."

నాకు తెలుసు గానీ చెప్పడానికి సిగ్గేసింది. వయసు చెప్పాను (రెండేళ్లు తగ్గించాననుకోండి). ఆ తర్వాత ఎందుకో పేరు ఐదు ముక్కలూ చెప్పాను. అలా చెప్పి ఎన్నేళ్లయిందో. చుక్కలు వేయించుకుని బెంచీ మీద కూర్చున్నాను. కాసేపటికి తెర మీద ఈ చివర నుంచి ఆ చివరదాకా మసకమసకగా ఒక గీత పడింది. ఒక్క అక్షరమూ కనిపించలేదు. అయినా అంత పొడుగున్నది నా పేరే అయ్యుంటుందని లేచి వెళ్లాను.