విత్తనానికి వదిలిన మొక్క

ఈ ఏడు పదో తరగతి ఇంగ్లీషు నా దగ్గర్నుంచి తీసేసి కొత్త టీచరుకిచ్చారు. నాకు ఆరో తరగతి మిగిలింది. "చిన్నపిల్లలకి మీలాంటి ఓపిక ఉన్నవాళ్ళే కావాలండీ" అన్నారు కరస్పాండెంట్ గారు. నాకు ఓపిక లేదన్న సంగతి ప్రత్తిపాడులో మా వీధి వీధంతా ఎరుగును. ఈ బడి పెట్టినప్పటి నుంచీ పదో తరగతి నాది. అది పోయాక, ఉద్యోగం ఉన్నా ఊడినట్టే అనిపించింది.

కొత్తావిడ గుంటూరు నుంచి స్కూటీ మీద వస్తుంది. ఆవిడ దిగే వేళకి పదో తరగతి ఆడపిల్లలు గేటు దగ్గర కాచుకుని ఉంటారు. హెల్మెట్ ఒకరు, టిఫిన్ బాక్సు ఒకరు అందుకుంటారు. పోయినేడు తొమ్మిదిలో ఉండగా ఆ పిల్లలే నా సంచి మోశారు. ఆవిడ క్లాసులోంచి నవ్వులు వినిపిస్తే నేను ఆరో తరగతిలో డస్టరుతో బల్ల మీద కొడతాను. సాయంత్రం నాలుగైనా ఆవిడ చీర కుచ్చిళ్ళు చెదరవు. అదీ నాకు గిట్టదు. ఇంటికొచ్చి ఇదంతా ఏకరువు పెడుతుంటే మా ఆయన, "ఆ కుళ్ళు కాస్త తగ్గించుకోవే, తిన్నది ఒంటబట్టదు" అన్నాడు. కుళ్ళే. కాదని ఎందుకనాలి?

మొన్న సింగరాయకొండలో చుట్టాల పెళ్ళి ఉందని ఆవిడ సెలవు పెట్టింది. ఆ ఒక్క పీరియడూ పదో తరగతికి నన్ను వెళ్ళమన్నారు. వెళ్ళాను. నా కుర్చీలో ఆవిడ ఒక మెత్త వేసుకుంది. దాన్ని తీసి కిటికీలో పడేసి కూర్చున్నాను.

ఆవిడ నవ్వించడమే గానీ నేర్పేదేమీ లేదని నాకు రుజువు కావాలి. అందుకని ఇంగ్లీషు జాతీయాలు అడగడం మొదలుపెట్టాను. మనిషో ఇల్లో దిగజారిపోతే ఏమంటారన్నాను. 'గోయింగ్ టు ద డాగ్స్' టకటకా చెప్పారు. పనికిరాని తిండి కుక్కల పాలవడం ఎవరికి తెలియదు? అప్పుడు 'గాన్ టు సీడ్'తో వాక్యం చెప్పమన్నాను.

అది ఇంగ్లీషువాళ్ళ పెరటి మళ్ళలో పుట్టిన మాట. మన కొత్తిమీరనే చూడండి. పూత ఎత్తి గింజ కట్టిందంటే ఆకు సన్నబడి, రుచి పోతుంది. ఆ మడికి ఇక నీళ్ళు పెట్టేవాళ్ళుండరు, కలుపు తీసేవాళ్ళుండరు. అలా ఆలనాపాలనా లేక, తన ఒంటి మీద తనకే ధ్యాస లేక పాడైపోయిన మనిషిని ఆ మాట అంటారు.

వెనక బెంచీ కుర్రాడు లేచాడు. "మై గ్రాండ్‌ఫాదర్ హాజ్ గాన్ టు సీడ్. సో ఎవ్రీబడీ లిజన్స్ టు హిమ్."

నా ప్రాణం లేచొచ్చింది. దొరికింది కొత్తావిడ!

"ముసలాయన పాడైపోతే అందరూ ఆయన మాట వింటారా? ఎవర్రా నీకిది చెప్పింది?"

"మీరే టీచర్, తొమ్మిదిలో. మీ అత్తయ్యగారు మిరప మొక్కకి గుడ్డపేలిక కట్టారని చెప్పలా?"

చెప్పాను. చేలో ప్యాకెట్ విత్తనమే వేసినా, ఇంటి పచ్చడికని మా అత్తగారు గట్టు వార నాటు మిరప వేయిస్తుంది. మొదటి కోతకి ముందే సాళ్ళన్నీ తిరిగి, అన్నిటికన్నా బలంగా కాసిన మొక్కకి పాత చీర పేలిక కడుతుంది. ఇక ఆ కాయలు చెట్టు మీదే పండి ఎండాలి. అది విత్తనానికి వదిలిన మొక్క. కొత్తకోడల్ని, తెలియక ఆ మొక్క పండుకాయలే కోసి పచ్చడి నూరాను. "నా విత్తనం నూరి పెట్టిందమ్మా మహాతల్లి!" అని ఆవిడ వీధిలోకి వచ్చి మరీ తిట్టింది. ఆ తిట్లన్నీ అభినయించి చెబితే తొమ్మిదో తరగతి పడీపడీ నవ్వింది. ఇంతలో బెల్లు కొట్టారు. 'గాన్ టు సీడ్' అసలు అర్థానికి, ఆ కొత్తిమీర దాకా నేను రానే లేదు. వీళ్ళంతా మిరప రైతుల పిల్లలు. విత్తనానికి వదిలారంటే చేనంతటికీ అదే మేలైన మొక్కని వాళ్ళకి వేరే చెప్పాలా?

తప్పు దిద్దుదామని సుద్దముక్క తీసుకున్నాను. ఈలోగా చేతులు లేచాయి. ఒకడు వాళ్ళ గేదె గురించి చెప్పాడు. ఇంకొకడు వాళ్ళ ఊరి బౌలర్ గురించి చెప్పాడు. ముందు బెంచీ అమ్మాయి లేచి, "అవర్ న్యూ మేడమ్ హాజ్ గాన్ టు సీడ్" అంది.

క్లాసంతా చప్పట్లు కొట్టింది. "మనం వెళ్ళిపోయినా ఆవిణ్ణి మాత్రం ఇక్కడే ఉంచాలి టీచర్" అన్నాడెవడో.

పాఠం నాది, అత్తగారు నా అత్తగారు, తిట్లు తిన్నది నేను. పేలిక మాత్రం తీసుకెళ్ళి ఆవిడకి కట్టారు.

సుద్దముక్క బల్ల మీద పెట్టేశాను. దిద్దలేదు. "ఊఁ, ఇంకా ఎవరి గురించైనా చెప్పండి" అన్నాను. కుర్చీలోంచి లేచి బెంచీల మధ్య నెమ్మదిగా నడిచాను. ఒక్కొక్కరి ముందు కాసేపు నిలబడ్డాను, నేను కళ్ళబడేలా. పీఈటీ మాస్టారి గురించి చెప్పారు. డ్రోన్‌తో మందు కొట్టే అన్నయ్య గురించి చెప్పారు. పర్చూరు బస్సు డ్రైవర్ గురించి కూడా చెప్పారు. బెల్లు కొట్టారు.

"అన్నీ కరెక్టేనా టీచర్?"

"అన్నీ తప్పే" అన్నాను.

నా గురించి మాత్రం ఒక్కరూ ఆ తప్పు చేయలేదు.