నా మడమ మీద మొక్కు

టేకులపల్లిలో ఆ రోజుల్లో మనిషి ఉరుకుతున్నాడంటే కానిస్టేబుల్ సెలక్షన్లయినా దగ్గర పడి ఉండాలి, వెనకాల ఎలుగుబంటయినా పడి ఉండాలి. రెండూ కాకుండా ముప్పై అయిదేళ్ల లెక్కల టీచరు, ఇద్దరు పిల్లల తల్లి, చున్నీ నడుముకు బిగించి తెల్లవారుజామున కొత్తగూడెం రోడ్డు మీద పరుగెడుతుంటే జనం ఏమనుకోవాలి? పాపం, అనుకోవడంలో వాళ్లేమీ లోటు చేయలేదు.

మొగుడు తరుముతున్నాడన్నారు కొందరు. మా ఆయన బొగ్గుబావిలో రాత్రి షిఫ్టు చేసి వచ్చి, ముక్కు మీద ఈగను తోలుకునే ఓపిక కూడా లేక పడుకునే మనిషి. ఫస్ట్ బస్సు డ్రైవరుదైతే ఇంకో బాధ. నేను బస్సు కోసమే ఉరుకుతున్నాననుకుని రోజూ ఆపేవాడు.

"ఎక్కేదుందా లేదా, మేడం?"

"లేదన్నా, నేను ఊరికే పరుగెత్తుతున్నా."

"ఊరికే ఎవలన్న ఉరుకుతరా?" అని హారన్ కొట్టి, నా ముఖాన ఇంత పొగ వదిలి వెళ్లేవాడు. మర్నాడు మళ్లీ ఆపేవాడు. ఉరికే మనిషి కనబడితే బ్రేకు మీదికి కాలు దానంతటదే పోయేదేమో.

అసలు మొదలైంది దవాఖానాలో. షుగరు అంచు మీద ఉంది, రోజూ నడవండి అన్నాడు డాక్టరు. సరేనని నడిచాను. నడిచే మనిషిని ఎవరైనా ఆపి మాట్లాడొచ్చు. మా పిలగానికి లెక్కలు వస్తలేవని ఒకరు, మీ ఇంట్ల ఏం కూర అని ఇంకొకరు, నా షుగరు సంగతి తప్ప అన్నీ మాట్లాడేవాళ్లు. పరుగెత్తే మనిషిని మాత్రం ఆపలేరు. ఈ సూత్రం ఏ పుస్తకంలోనూ లేదు, నేనే కనిపెట్టాను. వీళ్లను తప్పించుకోవడానికి మొదట నాలుగడుగులు ఉరికాను. తర్వాత అదే బాగుందనిపించింది. రోడ్డుకు రెండు వైపులా టేకు చెట్లు, ఇప్పపూల కాలంలో ఆ మత్తు వాసన, నా ఊపిరి నాకే వినబడడం. ఆ కాసేపు నేను ఎవరికీ టీచరును కాను, కోడల్ని కాను. పప్పు మాడిందో లేదో నాకు అక్కర్లేదు. నాకు అది చాలా ఇష్టమైపోయింది. ఇంట్లో చెబితే నవ్వుతారని చెప్పలేదు.

చెప్పాల్సిన రోజు వచ్చింది. హైదరాబాద్‌లో ఆగస్టు నెలలో ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు జరిగిందని, మామూలు ఉద్యోగస్తులూ గృహిణులూ కూడా పరుగెత్తారని పేపర్లో చదివాను. ఫొటోలో నా వయసున్న ఒకావిడ చెమటలు కారుతూ నవ్వుతోంది. వచ్చే ఆగస్టుకు నేనూ అక్కడ ఉండాలనుకున్నాను. అంతకుముందు ఏ నగ కోసమూ, ఏ చీర కోసమూ అంత గట్టిగా అనుకోలేదు. ఆ మాట మా అత్తమ్మ చెవిన వేశాను.

మా అత్తమ్మ ఒకప్పుడు ఎండాకాలమంతా బీడీలు చుట్టే తునికాకు కోసం అడవిలో తిరిగిన మనిషే. ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో ఆటో లేనిదే అంగడికి పోదు. నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు.

"గెలిస్తే ఏమిస్తరు?" అంది.

"నేను గెలవను, అత్తమ్మా."

"ఓడనీకి గంత దూరం బస్సు కిరాయి పెట్టుకొని పోతవా?"



ఆ పట్టుదలలో ఒక్కసారిగా దూరం పెంచేశాను. కానిస్టేబుల్ సెలక్షన్లకు తయారవుతున్న ఆడపిల్లలు ముందు పోతుంటే, వాళ్ల వయసూ నా వయసూ మర్చిపోయి వెంటపడ్డాను. కాళ్లకు కొత్తగూడెంలో కొన్న కాన్వాసు బూట్లు. వాటి అడుగు అరిగి అరిగి నేలకూ నాకూ మధ్య మొహమాటానికి ఉన్నట్టు ఉండేది. చలికాలం ముదిరేసరికి ఒకరోజు మంచం దిగి మొదటి అడుగు వేయగానే కుడి మడమలో మేకు దిగినట్టయింది. కాసేపు అటూ ఇటూ తిరిగితే సర్దుకునేది. మర్నాడు పొద్దున మళ్లీ మేకు.

అత్తమ్మకు పండగొచ్చినట్టయింది. ఇటుకరాయి పొయ్యిలో ఎర్రగా కాల్చింది, దాని మీద జిల్లేడు ఆకులు పరిచింది, నా మడమను దాని మీద పెట్టి రెండు చేతులతో అదిమి పట్టుకుంది. నేను కేక పెడితే, "ఉరికినప్పుడు లేదా ఈ నొప్పి?" అని ఇంకాస్త అదిమింది. కాపడం పెట్టినప్పుడు హాయిగానే ఉండేది. పొద్దున్నే మేకు తన డ్యూటీకి తను వచ్చేది.

చివరికి ఖమ్మం వెళ్లి ఫిజియోథెరపీ డాక్టరుకు చూపించుకున్నాను. అతను నా కాలికంటే ముందు నా బూట్లు చూసి తల పట్టుకున్నాడు. మడమ నుంచి వేళ్ల దాకా పాదం కింద ఒక పట్టీ లాంటిది ఉంటుందట, అది వాచిందట. కొన్ని వారాలు పరుగు బంద్. ఐసుగడ్డ కట్టిన నీళ్ల సీసా పాదం కింద పెట్టి దొర్లించాలి. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి మడమలు మెల్లగా కిందికి దించాలి. మంచం దిగేముందే తువ్వాలుతో పాదాన్ని మన వైపు లాక్కోవాలి. మంచి బూట్లు కొనాలి. మళ్లీ మొదలుపెట్టినప్పుడు దూరం కొంచెం కొంచెంగా పెంచాలి. ఇవన్నీ చెప్పి, లేవబోతుంటే బాంబు వేశాడు.

"కొన్నాళ్లు ఇంట్లో కూడా వట్టి కాళ్లతో తిరగకండి. చెప్పులేసుకోండి."

మా వంటింట్లోనే దేవుడి గూడు ఉంది. ఇంట్లోకని ప్రత్యేకంగా కొన్న నీలం హవాయి చెప్పులు, ఒక్క మట్టిరేణువు అంటనివి, వేసుకుని మెల్లగా వంటింట్లో కాలు పెట్టాను. అత్తమ్మ చేతిలో చేట ఆగిపోయింది.

"దేవుని ముంగట చెప్పులా? మీ డాక్టరుకు దేవుడు లేడా?"

"కొత్తవి, అత్తమ్మా. కడిగి ఏసుకున్నా."

"కడిగితే చెప్పు పళ్లెమైతదా?"

నెలరోజులు మా ఇంట్లో ఆ చెప్పుల మీదే యుద్ధం. నేను పొయ్యి దగ్గర ఉన్నంతసేపూ ఆవిడ గూటికి పాత చీరముక్క అడ్డం కట్టేది, దేవుడు చూసి బాధపడతాడని. మా ఆయన నిద్ర నటించడంలో ఆరితేరింది అప్పుడే. ఎండలు మొదలయ్యేసరికి మడమ తగ్గింది. పొద్దున మంచం దిగితే మేకు లేదు. కొత్త బూట్లతో కాస్త దూరం పరుగెత్తి వచ్చి, సంతోషం పట్టలేక అత్తమ్మకు చెప్పాను. ఆవిడ నాకంటే సంతోషించి దేవుడి గూటికి దండం పెట్టింది.

"నాకు తెలుసు తగ్గుతదని. తగ్గితే మా కోడలిని నవమికి వట్టికాళ్లతోని భద్రాచలం నడిపిస్తనని మొక్కిన. చెప్పులు ఇంట్లకెల్లి పోవాలని మొక్కిన. రెండూ అయినయి."

ఇక నా నోటిని ఆపడం కష్టమైంది. మడమ తగ్గాలని, ఆ మడమతోనే కాలే తారు మీద అరవై కిలోమీటర్లు నడిపించే మొక్కు ప్రపంచంలో మా అత్తమ్మ తప్ప ఇంకెవరైనా మొక్కుతారా? ఖమ్మం డాక్టరుకు ఫోన్ చేస్తే, వట్టి కాళ్లతోనా, అయితే ఆగస్టు సంగతి మర్చిపొమ్మన్నాడు.

బేరాలు మొదలుపెట్టాను. ఆగస్టు అయ్యాక నడుస్తానన్నాను. దేవునికి వాయిదాలు లేవంది. పోనీ తలనీలాలు ఇస్తానన్నాను. గుండుతో హైదరాబాద్‌లో పరుగెత్తడానికి కూడా నేను సిద్ధమే. "ఎంటికలు మళ్ల మొలుస్తయి, గదేం మొక్కు?" అని కొట్టిపారేసింది. అసలు నన్నడగకుండా నా కాళ్ల మీద ఎట్లా మొక్కావని అరిచాను. ఆవిడ మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచింది.

"సరే. మొక్కింది నేను. నేనే నడుస్త," అంది చివరికి.

అంగడికి ఆటోలో పోయే మనిషి! మా ఆయన ఈసారి నిజంగానే లేచి కూర్చుని, అమ్మా వద్దన్నాడు. ఆవిడ వింటేగా. దేవుడికిచ్చిన మాట తప్పితే నా మడమకే మళ్లీ ముప్పొస్తుందని ఆవిడ భయం. ఆ భయం చూశాక నాకు కోపం నిలవలేదు. సరే నడుద్దువుగాని, ముందు నా దగ్గర ట్రైనింగ్ తీసుకోమన్నాను.

మర్నాటి నుంచి ఇద్దరం రోడ్డెక్కాం. నేను బూట్లతో ముందు పరుగెత్తేదాన్ని, ఆవిడ వట్టి కాళ్లతో, చీర ఎగ్గట్టుకుని, కుక్కల కోసం చేత్తో కర్ర పట్టుకుని వెనక వచ్చేది. ఊరికి ఇన్నాళ్లకు అసలు సంగతి అర్థమైంది. మేడంను తరిమేది మొగుడు కాదు, అత్త! బస్సు డ్రైవరు ఆపి, "ఎక్కు మేడం జల్దీ, టికెట్ వద్దు," అన్నాడు. అత్తమ్మ కర్ర ఊపుతూ అతని ఏడు తరాలనూ పలకరించింది.

అంత మొండి శిష్యురాలు నాకు ఏ తరగతిలోనూ తగల్లేదు. ఈ రోజు విశ్రాంతి అంటే, "ఒక్కరోజు పండుకుంటే కాళ్లు నడక మర్చిపోతయి," అని నాకు తెలియకుండా చెరువు దాకా పోయి వచ్చేది. మెట్టు మీద మడమలు దించమంటే, కోళ్లు నవ్వుతాయనేది. దూరం మెల్లగా పెంచుదామంటే, "నువ్వు పెంచినవా మెల్లగ?" అనేది.

నవమికి రెండు రోజుల ముందు బయల్దేరాం. పొద్దునా సాయంత్రం నడక, ఎండవేళ చెట్టు నీడ. రోడ్డంతా మాలాంటి వాళ్లే, గుంపులు గుంపులుగా. అందరి కాళ్లూ వట్టివి, నావి తప్ప. నా భుజాన సంచి, అందులో నీళ్లు, అటుకులు, దూది, ఎందుకైనా మంచిదని ఆ నీలం చెప్పులు. ఒక గుంపులోని పెద్దావిడ నా బూట్లు చూసి, "సామి దగ్గరికి బూట్లేసుకొని పోతరా?" అంది. "మొక్కు దానిది కాదు, నాది. అది నాకు తోడొచ్చింది," అంది అత్తమ్మ పొడిగా.

పాల్వంచ దాటాక అత్తమ్మ మాటిమాటికీ ఆగడం మొదలుపెట్టింది. ఆ చెట్టు చూడంది, ఆ కోతిని చూడంది. కోతుల మీద ఆవిడకు అంత ప్రేమ ఉన్నట్టు ఎన్నడూ తెలియదు. రాయి మీద కూర్చోబెట్టి పాదం చూశాను. వేళ్ల కింద బొబ్బలు చితికి ఉన్నాయి. మడమ మీద వేలు పెట్టగానే పళ్లు బిగబట్టింది. ఎక్కడ నొప్పో నాకు చెప్పనక్కర్లేదు. నా మేకు ఆవిడ మడమలో ఉంది.

"ఆటో ఎక్కుదాం, అత్తమ్మా."

"మొక్కు తప్పితే నీ కాలు..." అని ఆగిపోయింది. కళ్లల్లో నీళ్లు. నన్ను ఇన్నేళ్లు సాధించిన మనిషి నా కాలి కోసం ఏడుస్తోంది. ఆ క్షణంలో హైదరాబాద్ లేదు, ఆగస్టు లేదు, ఫొటోలో నవ్వే ఆవిడ లేదు. లేసులు విప్పి, బూట్లు సంచిలో పెట్టి, మిగతాది నేను నడుస్తాను, మొదట మొక్కింది నా కాళ్ల మీదే కదా అన్నాను. ఆవిడను ఆటో ఎక్కించడానికి రోడ్డు మీదికి వెళ్లాను. తారు పెనంలా ఉంది. పది అడుగులు వేసేసరికి కుడి మడమలో పాత చుట్టం పలకరించింది. ఎంత దాచుకున్నా నడకలో కుంటు బయటపడింది.

"ఆగవే!" వెనక నుంచి కేక. "ఏసుకో బూట్లు!"

"మరి నీ మొక్కు?"

"ఏసుకో అంటుంటే! గా కాలు పోగొట్టుకున్నంక పట్నంల ఏం పెట్టి ఉరుకుతవ్?"

మొక్కు పక్కనబెట్టి అత్తమ్మ అరుస్తోంది, నేను గెలవని పందెం కోసం. ఓడనీకి కిరాయి పెట్టుకుని పోయే పందెం కోసం.

అత్తమ్మ నా సంచి లాక్కుని బూట్లు తీసి నా ముందు పడేసింది. ఆ కింద నీలం చెప్పులు కనబడ్డాయి. కాసేపు వాటినే చూసి, కింద పెట్టి, ఒక్కో పాదమూ మెల్లగా వాటిలోకి దూర్చింది. నా బూట్లు చూసి అడిగిన ఆ పెద్దావిడ అటుగా పోతూ ఆగి, "అయ్యో, మొక్కు చెడగొట్టుకుంటివి గదమ్మా! సామికి ఏమని చెప్తవ్?" అంది.

అత్తమ్మ కర్ర ఆన్చి లేచి నిలబడింది.

"ఆయనకు నేను చెప్పాల్నా? చెప్పులు తమ్మునికిచ్చి అన్నేండ్లు అడివిల వట్టికాళ్లతోని తిరిగినోడు. మడమ నొప్పంటే ఏందో ఆయనకు తెల్వదా?"

నేను లేసులు కట్టుకున్నాను.