వైరు పీకిన కంప్యూటరు

దయ్యాలూ గియ్యాలూ అంటే నాకు ఒళ్లుమంట. చిన్నప్పుడు మా అవ్వ గాలి సోకిందని తాయెత్తు కడితే, ఆమె చూస్తుండగానే తెంపి పారేసినవాణ్ని. అలాంటిది నేనే ఈ సంగతి రాస్తున్నందుకు నా మీద నాకే చిరాకుగా ఉంది. జరిగింది జరిగినట్టు చెబుతాను, ఆపైన మీ ఇష్టం.

తొంభైల చివర్లో ఆత్మకూరులో, మా నాయన స్టీలు సామాన్ల అంగడి మీది మేడగదిలో, నేనూ సామ్యూలూ కలిసి డీటీపీ సెంటరు పెట్టాం. సామ్యూలుది ఉదయగిరి, పాస్టరు గారి కొడుకు. మాకు కంప్యూటర్లు రెండు. మంచిది పనికి, పాతది పరీక్షకు. మానిటరు ఒకటే, కరెంటు వైరూ ఒకటే. దేన్ని నడపాలంటే దానికి మార్చుకునేవాళ్లం.

పాతదాంట్లో ఒక కాపలా ప్రోగ్రాం వేశాం. మామూలు యాంటీవైరస్సులు పేరు తెలిసిన వైరస్సునే పట్టేవి. ఇది మాత్రం నడవడిక చూసి పట్టేది. డిస్కులో ముట్టుకోకూడని చోట ఏ ప్రోగ్రామైనా చెయ్యి పెట్టబోతే ఆపేసి, రెండు పొట్టి కూతలూ ఒక పొడుగు కూతా కూసి, రానివ్వాలా వద్దా అని తెర మీద అడిగేది. మంచిదాంట్లో వేస్తే పని నత్తనడక నడుస్తుందని వెయ్యలేదు. కలువాయి నుంచి వచ్చినా, వింజమూరు నుంచి వచ్చినా, ఏ ఫ్లాపీ అయినా ముందు పాతదాంట్లో నడిపి చూడాల్సిందే. అది కూయకపోతేనే మంచిదాంట్లో పెట్టేవాళ్లం.

మంచిదాంట్లో పాస్టరు గారి పాటలున్నాయి. పల్లెపల్లెకీ తిరిగి ఆరాధనల్లో పాడడానికి ఆయన సొంతంగా కట్టుకున్నవి. ఎక్కడా రాసుకోలేదు, అన్నీ నోటికే. సామ్యూలు ఆదివారాలు ఇంటికి పోయి, ఆయన చెబుతుంటే కాగితాల మీద రాసుకొచ్చి, టైపు చేశాక ఆ కాగితాలు పారేసేవాడు. ఒక వేసవిలో పక్షవాతం వచ్చి పాస్టరు గారికి మాట పడిపోయింది. మేం కాపీ తీసి పెట్టుకున్న ఫ్లాపీకేమో బూజు పట్టింది. ఇంకో కాపీ రేపు తీద్దాం, ఎల్లుండి తీద్దాం అనుకుంటూ ఉండిపోయాం. ఇక ఆ పాటలు ఆ ఒక్క డిస్కులోనే మిగిలాయి. పుస్తకం ఎప్పుడని ఆయన మంచంలోంచే చేత్తో సైగ చేసి అడిగేవారట.

అచ్చుకు తెలుగు ఫాంటు ఒకటి కావాల్సి వస్తే ఉదయగిరి స్నేహితుడొకడు ఫ్లాపీ ఇచ్చాడు. మధ్యాహ్నం పూట పాతదాంట్లో నడిపాం. కూయలేదు. నాకెందుకో మనసు కుదురుగా లేదు. ఇంకోసారి నడిపాను. అప్పుడూ కూయలేదు.

"ఇంక చాల్లేరా. మా నాయన పుస్తకం కోసం ఎదురుజూస్తా ఉండాడు," అని సామ్యూలు వైరూ మానిటరూ మంచిదానికి మార్చాడు. ఫ్లాపీ పెట్టి, ఫాంటు ఎక్కించే ప్రోగ్రాం పేరు కొట్టి, ఎంటర్ మీదికి వేలు తెచ్చాడు.

గది మూల నుంచి రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత.

"ఏందిరా అది?" అన్నాడు, వేలు అట్లాగే పెట్టుకొని.

మూలనున్నది పాత కంప్యూటరు. దాని వైరు మా ముందున్నదానికి ఉంది. కింద రేడియో ఏమోనని దిగి చూశాను. మా నాయన కునుకు తీస్తున్నాడు, రేడియో కట్టేసి ఉంది. వీధిలో ఒక్క బండీ లేదు. పోనీ మంచిదే కూసిందా అంటే, దాని కూత సన్నగా ఉంటుంది. మేం విన్నది పాతదాని జీరగొంతు.

"నాకేందో బాగలేదురా. ఆ ఫ్లాపీ తీసెయ్," అన్నాను.

మళ్లీ పాతదానికి వైరు పెట్టి ఫ్లాపీ నడిపాం. కూయలేదు. అప్పుడు తెర మీది తేదీ నా కంటపడింది. లోపలి బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. అందుకని వైరు పీకి పెట్టిన ప్రతిసారీ దాని తేదీ 1980 జనవరికి పోయేది. మేమెన్నడూ పట్టించుకోలేదు. ఆ రోజు తేదీ కొట్టి నడిపాను. వెంటనే కూసింది. ఫ్లాపీలోది డిస్కును చెరపబోతోంది, రానివ్వాలా వద్దా అని తెర అడుగుతోంది.

కొన్ని వైరస్సులు ఫలానా తేదీ వచ్చేదాకా పెద్దమనిషిలా కూర్చుంటాయి. మా పాతది పరీక్షించినన్నాళ్లూ పాత సంవత్సరంలోనే పరీక్షించింది. మంచిదాని తేదీ మాత్రం సరిగ్గా ఉంది.

సామ్యూలు నేల మీద కూలబడి ఏడ్చాడు. "ఎంటర్ కొట్టుంటే నాయన పాటలు పోయుండేవి గదరా," అన్నాడు.

వైరస్సు సంగతి అర్థమైంది. కూత సంగతే అంతుపట్టలేదు. కరెంటు ఉన్నప్పుడు, ఫ్లాపీ దాని కడుపులోనే ఉన్నప్పుడు కూయనిది, కరెంటు లేకుండా పక్క కంప్యూటరు కోసం ఎట్లా కూసింది?

పుస్తకం అచ్చయింది. పాస్టరు గారు బాగున్న చేత్తో పేజీలు తిప్పుకుంటూ గడిపి, కొన్నాళ్లకు కన్నుమూశారు. తరువాత డిస్కులో చోటు చాలక అవస్థ పడుతుంటే సామ్యూలే అన్నాడు, "పుస్తకం ఉండాది గదా, ఆ ఫైళ్లు తీసెయ్," అని. కమాండు కొట్టి ఎంటర్ మీద వేలు పెట్టబోయాను.

మూల నుంచి రెండు పొట్టి, ఒక పొడుగు. వైరు ఈసారీ మంచిదానికే ఉంది.

చెరపలేదు. ఇద్దరం కూర్చుని ఫైళ్లనూ పుస్తకాన్నీ మాట మాటా పోల్చి చూశాం. తేడా ఏమీ లేదు. పుస్తకం ఇంటింటా ఉండగా ఇంకేం పోతుందని ఆపిందో నాకు ఇప్పటికీ తెలియదు. మంచిదాంట్లోంచి ఊడదీసిన ఆ డిస్కు ఇప్పటికీ అదే మేడగదిలో, నా బీరువాలోనే ఉంది. పారేద్దామని ఎన్నోసార్లు చేతిలోకి తీసుకున్నాను. తీసుకున్న ప్రతిసారీ ఆగి, మూల వైపు చెవి పెడతాను. అక్కడ కంప్యూటరు లేదు, ఎన్నడో పాత సామాన్లవాడికి ఇచ్చేశాం. అయినా డిస్కు మళ్లీ బీరువాలోనే పెట్టేస్తాను.