ఫిల్టరు కోసి చూసిన రోజు

మొన్న నా పాత కారుకు ఆయిల్ మార్పిద్దామని సౌదీలోని యాన్బులో షెడ్లన్నీ ఉండే సనాయియాకు వెళ్లాను. అక్కడి మెకానిక్కు మంచి పనివాడే, కాని పాత ఫిల్టరును విప్పి, దానివైపు కన్నెత్తైనా చూడకుండా చెత్త డ్రమ్ములో పడేశాడు. నా మనసు ఊరుకోలేదు. దాన్ని తీసి ఇమ్మని అడిగితే, ఈ ముసలాయనకు తిక్కేమో అన్నట్టు చూసి, గుడ్డలో చుట్టి ఇచ్చాడు. ఆ డబ్బాను కోసి లోపలి కాగితం విప్పి చూడనిదే నాకు ఆ పూట అన్నం సహించదని అతనికేం తెలుసు, పాపం.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మా నిజామాబాద్ వైపు నుంచి ఆ రోజుల్లో ఇక్కడికి వచ్చినవాళ్లు ఎక్కువగా కట్టడం పనుల్లోకే పోయేవారు. లారీ షెడ్లలో చేతికంటిన గ్రీజు పుణ్యమా అని నాకు మెకానిక్కు వీసా దొరికింది. మా కఫీలు, అంటే నేనిక్కడ ఉండటానికి కావలసిన ఇఖామా కార్డు ఎవరి పేరు మీద ఉందో ఆ యజమాని, కార్ల షెడ్డు నడిపేవాడు. ఆయనకొక పిచ్చి ఉండేది. విడిభాగాలు పెట్టెల్లో తెప్పించుకొని, ఏళ్లు కష్టపడి, ఇద్దరు కూర్చునే చిన్న విమానాన్ని తన చేతులతో కట్టుకొని, దానికి కారు ఇంజను బిగించాడు. కారు ఇంజనే కదా, నీకు తెలియనిదేముందని దాన్ని చూసుకునే పని నాకు అప్పగించాడు. నేనూ అలాగే అనుకున్నాను, అదే నా తెలివితక్కువతనం.

కారులో ఎప్పుడో ఎత్తెక్కేటప్పుడు తప్ప ఆయాసపడని ఇంజను, విమానంలో లేచిన దగ్గరనుంచి దిగేదాకా రొప్పుతూనే ఉంటుంది, మధ్యలో పక్కకు ఆపి చూద్దామంటే రోడ్డే లేదాయె. తనిఖీకి వచ్చే ఈజిప్టు పెద్దాయన ఒకరు నాకు ఓపికగా అన్నీ నేర్పారు. బిగించిన ప్రతి నట్టు మీద రంగుతో గీత పెట్టడం, గీత జరిగితే నట్టు వదులైందని తెలుసుకోవడం, నీటి గొట్టాలను వేళ్లతో నొక్కి చూడటం, అన్నిటికంటే ముఖ్యంగా ఆయిల్ మార్చిన ప్రతిసారీ పాత ఫిల్టరును కోసి, కాగితం మడతల్లో ఇనుప రజను ఉందేమో అయస్కాంతంతో వెతకడం.

ఒకసారి ఇంజను అడుగున ఆయిల్ చాంబర్ దగ్గర చెమ్మ చేరి నేల మీద చుక్కలు పడుతుంటే, దాన్ని విప్పి మళ్లీ బిగించాను. అంచుకు సన్నటి గీతలా పెట్టాల్సిన ఎర్ర సిలికాన్ గమ్మును, లారీ షెడ్డు అలవాటు కొద్దీ, నాలుగు కాలాలపాటు కారకుండా ఉండాలని దండిగా పులిమాను. కారడం ఆగింది, కఫీలు భుజం తట్టాడు, నేను మురిసిపోయాను.

ఆ తర్వాతి ఆయిల్ మార్పు ఒక గురువారం ఉదయం వచ్చింది. అప్పటికి నజ్రాన్ నుంచి కఫీలు తండ్రి వచ్చి ఉన్నాడు. జీవితమంతా ఖర్జూరపు తోటలోనే గడిపిన ఆ పెద్దాయన, మర్నాడు కొడుకు కట్టిన విమానంలో కూర్చుని సముద్రాన్ని పైనుంచి చూడబోతున్నానని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటున్నాడు. నేను ఒక్కణ్ణే కూర్చుని ఫిల్టరు కోశాను. అయస్కాంతానికి ఏమీ అంటలేదు కాని, మడతల్లో ఎర్రటి తునకలు కనిపించాయి. గోటితో నొక్కితే రబ్బరులా సాగాయి. నా గమ్మే. లోపలికి ఉబికినదంతా ఊడి ఆయిల్లో తిరుగుతోందన్నమాట. చిన్న తునకలు ఫిల్టరు దాకా వచ్చాయంటే, పెద్దవి చాంబర్ లోపల ఆయిల్ పీల్చే జల్లెడకు అతుక్కునే ఉంటాయి. జల్లెడ మూసుకుంటే ఆయిల్ అందక ఇంజను పట్టేస్తుంది, అదీ ఆకాశంలో.

నిజం చెప్తున్నాను, మొదట ఆ కాగితాన్ని జేబులో దాచాను. ఇఖామా రెన్యువల్ ఆ నెలలోనే ఉంది, ఆయనకు కోపమొస్తే ఎగ్జిట్ కొట్టించి దేశం నుంచే పంపేయగలడు, పిల్లల చదువులు సగంలో ఉన్నాయి. గుట్టుగా బాగుచేద్దామంటే, చాంబర్ విప్పడానికి కారణం లాగ్‌బుక్కులో రాసి ఆయన సంతకం తీసుకోవాలి. మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేసి చెప్పుకుంటే మా ఆవిడ అంతా వింది. తర్వాత ఒకటే అడిగింది.

"గా ముసలాయన మీ బాపు అయితే గిట్లనే ఊకుందువా?"

ఫోన్ పెట్టేసి తిన్నగా కఫీలు దగ్గరికి వెళ్లాను. కాగితం ఆయన చేతిలో పెట్టి, తప్పు నాదే, గమ్ము ఎక్కువ పెట్టానని వచ్చీరాని అరబ్బీలో చెప్పాను. ఆయన పక్కన నిలబడి చాంబర్ విప్పించాడు. జల్లెడ సగానికి పైగా ఎర్రటి పొరతో మూసుకుపోయి ఉంది. ఆయన దాన్ని చూస్తూ పాత టైరు మీద కూర్చుండిపోయాడు. సంగతేమిటని అడిగిన తండ్రికి మెల్లగా అంతా చెప్పాడు. ఆ పెద్దాయన లేచి, గావా, అంటే అరబ్బు కాఫీ ఉన్న కూజా అందుకొని, ఇంటికొచ్చిన అతిథికి మొదట ఇచ్చే చిన్న కప్పును తన చేత్తో నింపి నాకిచ్చాడు. అది పట్టుకొని ఏడ్చాను, చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

శుక్రవారం ప్రయాణం ఆగింది. అన్నీ కడిగి, గమ్ము సన్నగా పెట్టి, ఇంజనును నేల మీదే గంటలకొద్దీ నడిపి, ఈజిప్టు పెద్దాయనకు చూపించి, మరో ఫిల్టరు కోసి శుభ్రంగా ఉందని తేల్చుకునేసరికి వారం పట్టింది. తోట పని వదిలేసి ఆ ముసలాయన అక్కడే ఉండిపోయాడు. అప్పుడు కఫీలు విమానం తాళంచెవి నా చేతిలో పెట్టి, ఇక ఇది నీ దగ్గరే ఉంటుందన్నాడు.

"నువ్వైతే ఎక్కుతావా?" అని అడిగాడు.

ఎక్కుతానన్నాను. ముందు నన్నే ఎక్కించుకున్నాడు. కింద సముద్రం ఎలా ఉందో నాకు సరిగా గుర్తులేదు, నా చెవులు రెండూ ఇంజను మీదే ఉన్నాయి. దిగాక తండ్రిని తీసుకెళ్లాడు. అప్పటి నుంచి ఎగరాలనుకున్న ప్రతిసారీ నా ముందు చెయ్యి చాపి అదే మాట అడిగేవాడు, ఎక్కుతానన్నాకే నేను తాళంచెవి ఇచ్చేవాణ్ణి. రెండుసార్లు ఎక్కనన్నాను. చాపిన చెయ్యి దించుకొని వెనక్కి వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఆ ముసలాయన లేడు. కఫీలుకు చూపు మందగించి, విమానాన్ని పిల్లలు విప్పి నేర్చుకునేందుకు ఏదో కాలేజీకి ఇచ్చేశాడు, తాళంచెవి మాత్రం అడగలేదు. సనాయియాలో ఇప్పుడు కంప్యూటరు తగిలిస్తే లోపం ఎక్కడుందో అదే చెబుతోంది, సంతోషమే. కాని బండి ఎక్కేవాడి ముఖం పనివాడు చూడడం లేదు, పనివాణ్ణి ఆ మాట అడిగేవాడూ కనిపించడం లేదు.

వచ్చే నెల నాకు ఫైనల్ ఎగ్జిట్, ఇక ఊరికే వెళ్లిపోవడం. ఇన్నేళ్లూ నా దగ్గరే ఉండిపోయిన తాళంచెవి ఇచ్చేద్దామని నిన్న ఆయన ఇంటికి వెళ్లాను. నా అడుగుల చప్పుడుకే గుర్తుపట్టి చెయ్యి చాపాడు. ఇవ్వబోతే పుచ్చుకోలేదు, ముఖం నావైపు తిప్పాడు.

"నువ్వైతే ఎక్కుతావా?" అన్నాడు.

ఎక్కుతానని చెప్పాకే ఆయన తాళంచెవి తీసుకున్నాడు.