నేను కట్టుకున్న గొల్లభామ

మీరు టీలు తాగుతూ ఉండండి, నేను చెప్తాను. మొన్న ఆదివారం నా కాపురం ఒక కార్డు ముక్క మీద కొట్టుకుపోయి, మళ్లీ కొర్రమీను నోట్లో పడి ఒడ్డుకొచ్చింది. తప్పు ఎవరిదీ కాదు, నా రాతది.

మా అత్తకి కాలు బెణికిందని మా ఆవిడ సూరీడమ్మ చీపురుపల్లి దగ్గర పుట్టింటికి వెళ్లింది. ఊడుపులు అయిపోయాయి, ఇంట్లో నేనొక్కణ్ణే, ఊసుపోదు. అప్పుడే మన రోడ్డు పని చూసే ఓవర్సీరు గారు ఒక సంగతి చెప్పారు. ఆయన ఇదివరకు ఊటీ వైపు పనిచేశార్ట. అక్కడ దొరలు దొంగ గొల్లభామలతో చేపలు పట్టేవారట. గొల్లభామలంటే మన చేలల్లో గెంతే పచ్చ మిడతలే.

"నిజందాన్ని గేలానికి గుచ్చితే రెండో విసురుకే ఊడిపోతుందయ్యా. రబ్బరుతో చేసింది పొద్దంతా నీళ్ల మీద తేలుతుంది. చేపే పైకొచ్చి మింగుతుంది" అన్నారు.

రబ్బరంటే సైకిల్ ట్యూబు తెచ్చాను. బుడుంగున మునిగింది. నురగలాగ మెత్తగా, తేలిగ్గా ఉండాలన్నారు. ఇంట్లో అలాంటిది ఒక్కటే ఉంది. సూరీడమ్మ కొత్త హవాయి చెప్పులు. బురదలో పాడైపోతాయని దాచుకుని, పాతవేసుకుని వెళ్లింది. ఎడమదాని మడమ కోశాను.

కట్టడం తేలికనుకున్నారా? రబ్బరు ముక్కని గేలం మీద పెట్టి నడుం దగ్గర దారం బిగించాలి. గట్టిగా లాగితే రబ్బరు తెగుతుంది, వదిలితే మిడత గేలం చుట్టూ ప్రదక్షిణం చేస్తుంది. మొదటిది బొద్దింకలా వచ్చింది. రెండోదానికి తల ఊడింది. మూడోదానికి ఓవర్సీరు గారు దగ్గర కూర్చున్నారు. కోడిపుంజు ఈకలు రెక్కలు, చీపురుపుల్లలు కాళ్లు. గుమ్మాలకేసిన పచ్చ రంగు డబ్బా అడుగున మిగిలితే అది పూశాను. చూస్తే ఎగిరిపోతుందేమో అన్నట్టుంది.

ఆ సంతోషం పట్టలేక సూరీడమ్మకి కార్డు రాశాను. ఏం రాశానో అక్షరం పొల్లుపోకుండా చెప్తాను.

'నువ్వు లేక ఊసుపోక ఒక గొల్లభామని కట్టుకున్నాను. పచ్చగా, సన్నటి నడుంతో ముద్దుగా ఉంది. ఓవర్సీరు గారు దగ్గరుండి కట్టించారు. నీ కొత్త చెప్పు దానికి సరిపోయింది, ఏమీ అనుకోకు. ఆదివారం దాన్ని ఏటికి తీసుకెళ్తాను. మావ చూస్తే మెచ్చుకుంటాడు.'

మా మావకీ చదువు రాదు, సూరీడమ్మకీ రాదు. పోస్టుమాను అరుగు మీద కూర్చుని, పదిమందీ వినేలా చదివి పెట్టాడట.

ఆదివారం పొద్దున్నే మావ, బావమరిది అప్పన్న, సూరీడమ్మ దిగారు. సూరీడమ్మ చేతిలో పెట్టె లేదు. ఉండడానికి రాలేదన్నమాట. ఆ మాట నాకు తర్వాత తట్టింది. అప్పటికి మాత్రం పళ్లికిలించుకుని ఎదురెళ్లాను.

మావ చేతికర్ర గుమ్మానికి ఆనించి, "ఒరే అల్లుడా, నిజం సెప్పు" అన్నాడు.

చెప్పు సంగతి ఇంత దూరం వెళ్లిందా అనుకున్నాను. "సెప్పు సూరీడమ్మదే మావా. అడక్కుండా కోసీసినాను" అన్నాను.

"సెప్పు సంగతెవడికి కావాలి? అదెక్కడున్నాది?"

"ఏది?"

"నువ్వు కట్టుకున్నది" అన్నాడు అప్పన్న, పళ్లు కొరుకుతూ.

"అదా. అగ్గిపెట్లో ఉంది" అన్నాను.

ముగ్గురూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. నేను అగ్గిపెట్టె తెరిచి మావ అరచేతిలో పెట్టాను. మావ దాన్ని తిప్పి చూశాడు, ఈక లాగి చూశాడు, వాసన కూడా చూశాడు.

"ఏటిరా ఇది?"

"గొల్లభామ."

"మిడతని రాయనేకపోనావా? మూడచ్చరాలు. ఊరంతా నా మొహం మీద..." అని ఆగిపోయాడు. అప్పన్న మాత్రం నమ్మలేదు. "రబ్బరుకి సేపలు పడతాయేటి? మనల్ని ఏమార్చడానికి ఆట బొమ్మ సూపిత్తన్నాడు. పదవే అక్కా."

సూరీడమ్మ గుమ్మంలోంచి కదల్లేదు. "పడితే ఉంటాను. పడకపోతే మధ్యాన్నం బస్సుకి పోతాను" అంది.

నలుగురం ఏటి మడుగు దగ్గరికెళ్లాం. మొదటి విసురు తుమ్మకొమ్మకి తగిలింది. రెండోది అప్పన్న తలపాగాకి. మూడోది నీళ్లలో పడి, ఎవరికీ పట్టనట్టు తేలుతూ కూర్చుంది. మావ బస్సు టైము అడిగాడు. నాలుగోసారి గొల్లభామ వాలిందో లేదో, గుభేలుమని నీళ్లు పగిలాయి. మోచెయ్యంత కొర్రమీను. లాగింది నేనే గాని, నన్ను నడుం పట్టి లాగింది అప్పన్న.

పులుసు సూరీడమ్మే వండింది. మావ మూడుసార్లు వడ్డించుకుని, వెళ్తూ వెళ్తూ అగ్గిపెట్టె తన రొంటిన దోపుకుని పోయాడు. సూరీడమ్మ బట్టల పెట్టె మర్నాడు అప్పన్న తెచ్చి ఇచ్చాడు.

కొత్త చెప్పులు కొనిచ్చాను. కానీ మిగిలిన ఆ కుడికాలి చెప్పు పారెయ్యమంటే మా ఆవిడ పారెయ్యదు. పోస్టు కార్డులు పెట్టుకునే గూటి పక్కనే మేకు కొట్టి తగిలించింది. నేను కార్డు తీసినప్పుడల్లా ఒకసారి నాకేసి, ఒకసారి చెప్పుకేసి చూస్తుంది.

ఇప్పుడు నా ఉత్తరాల్లో 'క్షేమం' అన్న ఒక్క మాటే ఉంటోంది.