మరమగ్గాల ఇంట్లో బొమ్మల పుస్తకం

ఈ మధ్యాహ్నం తిరుపతిలో మా వీధికి కరెంటు పోయింది. ఫ్యాను ఆగగానే పక్కింటావిడ కరెంటు వాళ్ళ వంశాన్నంతా పేరుపేరునా తిట్టడం మొదలుపెట్టింది. నాకు మాత్రం నగరిలో మా చెల్లెలి ఇల్లు గుర్తొచ్చింది. ఆ ఇంట్లో కరెంటు పోవాలని దేవుడికి దండం పెట్టుకున్న మనిషి ఉంది. చెల్లెలి కోడలు. మరమగ్గాల మీద బతికే ఇంట్లో అలా కోరుకోవడమంటే నోటి దగ్గర కూడు కాలదన్నుకోవడమే.

ఆ ఇంటి ముందు గది నిండా మగ్గాలే. పొద్దున మొదలైన మోత రాత్రికి గాని ఆగదు. నేను వెళ్ళొచ్చినప్పుడల్లా ఇంటికొచ్చాక కూడా చెవుల్లో అదే హోరు. వాళ్ళకదేం పట్టదు, ఎందుకంటే అక్కడెవరూ నోరు తెరవరు. అన్నానికి రమ్మంటే వేళ్ళు నోటికి, నీళ్ళకి బొటనవేలు, మా మరిది వస్తున్నాడంటే మీసం మీద చెయ్యి. మా చెల్లెలు కోడల్ని దెప్పడం కూడా కనుబొమలతోనే కానిచ్చేస్తుంది. అందరూ ఇంత తీరుగా సైగలతో సంసారం చేస్తుంటే, నాలుగో ఏడు వచ్చినా మనవరాలు మాట్లాడటం లేదన్న సంగతి చాలా రోజులు ఎవరికీ తట్టలేదు. తట్టాక ఇంటిమీద పిడుగు పడ్డట్టయింది. చెల్లెలు వసకొమ్ము అరగదీసి నాకించింది, కొండకు మొక్కింది. తిరుపతి ఆస్పత్రిలో చెవులు పరీక్ష చేయిస్తే బాగానే ఉన్నాయన్నారు. పిల్లతో మాట్లాడమనీ, బొమ్మల పుస్తకాలు చూపించమనీ, ఆడించమనీ చెప్పి పంపింది డాక్టరమ్మ.

పుస్తకం నేనే కొనిచ్చాను. మందపాటి అట్టలు, పేజీకొక బొమ్మ. కోడలు పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆ మోతలోనే "కాకి, కాకి" అని గొంతు చించుకునేది. పిల్ల తల్లి నోటివైపు చూసి, రెండు చేతులూ రెక్కల్లా ఆడించేది. నూలు అయిపోయిన ఖాళీ కండెలు వరసగా పేర్చి మదరాసు రైలు చేస్తే, రైలును తోసేదే గాని కూత వేసేది కాదు. కరెంటు పోతే కోడలు చేతిలో పని వదిలేసి పుస్తకం పట్టుకుని పరిగెత్తేది. రెండు బొమ్మలు చూపించేలోపు కరెంటు వచ్చేసేది. ఒకసారి వంటింట్లో నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

"నా బిడ్డ నన్ను అమ్మా అంటే సాలు పెద్దత్తా. కరెంటు పోవాలని దినామూ మొక్కుకుంటా ఉండా. తినే కూటి మీదే మన్ను పోసుకుంటా ఉండానా?"

నాకూ భయంగానే ఉంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, నేను అక్కడ ఉండగానే జరిగిందది. కోడలు మగ్గం దగ్గర నిలబడి ఉంది. పిల్ల కింద కూర్చుని పేజీలు తిప్పుతూ, ఉన్నట్టుండి తలెత్తి తల్లిని చూసి పెదాలు కదిపింది. సైగ కాదు, మాటే. కోడలు తన మగ్గం ఆపి, "ఆపండప్పా, అన్నీ ఆపేయండి!" అని కేకపెట్టింది. ఒక్కొక్కటే ఆగి ఇల్లు సద్దుమణిగేసరికి పిల్ల నోరు మూసేసింది.

"ఇంకోసారి సెప్పు తల్లీ, ఏమన్న్యావు?" అని తల్లి మోకాళ్ళ మీద కూలబడి బతిమాలింది. చుట్టూ చేరిన మమ్మల్నందర్నీ చూసి పిల్ల బెదిరిపోయి, చేతులు రెండూ వీపు వెనక దాచుకుంది.

ఆ మర్నాటి నుంచి పొద్దున కాసేపు మా చెల్లెలి కొడుకే మగ్గాలు ఆపేస్తున్నాడు. పిల్లకు ఇప్పుడు కొన్ని మాటలు వచ్చాయి, అమ్మా అనడం కూడా వచ్చింది. అయినా కోడలు ఫోన్ చేసినప్పుడల్లా, "ఆ పొద్దు ఏమనుంటుంది పెద్దత్తా?" అని అడుగుతూనే ఉంటుంది. ఆ పిల్ల ఇంకెన్ని మాటలు నేర్చినా, ఎన్నేళ్ళు గడిచినా, ఆ ఒక్క క్షణం మాత్రం మగ్గాల మోతలోనే ఉండిపోతుంది.