ఈశాన్యం రాయి

మా క్యాజువాల్టీలో ‘రాయి కేసు’ అని ఒక మాట ఉంది. హద్దురాయి దగ్గర కొట్టుకుని తలలు పగిలి వచ్చేవాళ్లను అలా అంటాం. రాయి జానెడు జరిగిందని ఒక అన్న తన తమ్ముడి చెవి కొరికి ఉమ్మేశాడు. తమ్ముడు ఆ ముక్కను రుమాలులో మూటకట్టి తెచ్చాడు. అది ఇక అతకదని చెప్తే, "అట్లయితే వానిది గూడా కోసుకొనొస్తా, ఉండమ్మా" అని బల్ల మీది నుంచి లేచాడు. సర్కారు ఆసుపత్రిలో నర్సుగా చేరినప్పటి నుంచి ఇలాంటి తలలు, చెవులు ఎన్ని కుట్టానో గుర్తు లేదు. నా కుట్లకు మంచి పేరుంది. దారం తిన్నగా పోతుంది, మచ్చ గీతలా మిగులుతుంది. కుడుతూ మనసులో తిట్టుకునేదాన్ని, మట్టి కోసం చచ్చే వెధవలని. అప్పటికి నాకు సొంతంగా జానెడు మట్టి లేదు.

మాది వేంపల్లె పక్కన పల్లె. మా ఇంట్లో కోపం వస్తే ముందు చెయ్యి లేస్తుంది, తర్వాత నోరు. కూరలో ఉప్పెక్కువైతే మా నాయన పళ్లెం విసిరేవాడు, మా అమ్మ అదే పళ్లెంతో ఆయన్ను తిరిగి కొట్టేది. ఆ తర్వాత ఇద్దరూ కూర్చుని అన్నం తినేవాళ్లు. నాకు పెళ్లై కర్నూలు వచ్చాక ఆ బుద్ధి నాతోనే వచ్చింది. మా ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్కు, గొంతు పెంచని మనిషి. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతాది" అని నాకు చెప్పీ చెప్పీ అలిసిపోయాడు.

చివరి అద్దె ఇంట్లో ఓనరమ్మ రోజుకు అరగంట నీళ్లు వదిలేది. ఒక ఎండాకాలం పొద్దున మా అత్త నిండు బిందె ఎత్తుకుంటుంటే, ఇది మూడో బిందె అని ఓనరమ్మ దాన్ని కాలితో తన్నింది. బిందె దొర్లి మా అత్త పాదం మీద పడి బొటనవేలి గోరు ఊడింది. నేను రోకలి తీసుకుని పోయి వాళ్ల మోటారు స్టార్టరు డబ్బా పగలగొట్టాను. రెండో దెబ్బకు మూత ఎగిరిపోయింది, మూడో దెబ్బ కావాలనే కొట్టాను. మర్నాడే ఇల్లు ఖాళీ చేయమన్నారు. సామాన్లు ఆటోలోకి ఎక్కిస్తూ మా అత్త ఒకే మాట అంది. "అమ్మీ, మన నీల్లు మనం తాగే ఇల్లు యాడన్నా చూడు. ఇంగ నాకేమీ వద్దు."

అలా స్థలం వేట మొదలైంది. ఇల్లు కట్టి చూడు అన్నారు గానీ, కట్టడానికి ముందు స్థలం వెతికి చూడు అని ఎందుకు అనలేదో నాకు తెలియదు. ఒక బ్రోకరు మమ్మల్ని ఆరు నెలలు తిప్పాడు. ఒక స్థలానికి వీధిపోటు, రోడ్డు నేరుగా వచ్చి గుండెల్లో గుద్దినట్టుంది. ఇంకొకటి వాన నీళ్లు పారే వంకలో ఉంది. మూడోది చూడబోతే అదే స్థలం నాదంటే నాదని రెండు కుటుంబాలు రాళ్లు రువ్వుకుంటున్నాయి. మా ఆటో అద్దం పగిలింది. "ఇవన్నీ మామూలేనమ్మా" అన్నాడు బ్రోకరు, తల మీది గాజు పెంకులు దులుపుకుంటూ.

చివరికి ఆత్మకూరు రోడ్డులో, ఊరు అయిపోయే చోట ఒక పాత లేఅవుటులో మూడు సెంట్లు కుదిరాయి. శ్రీశైలం బస్సులు ఆ పక్కనుంచే పోతాయి. ఎర్రనేల, తుమ్మచెట్లు, ప్లాటుకో కడప బండ నిలువుగా పాతి ఉంది. ఎండకు బండల మీది నంబర్లు ఎప్పుడో వెలిసిపోయాయి. తూర్పు మూల నుంచి లెక్కపెడితే మాది నాలుగోది. రోడ్డు మలుపులో టీ బంకు ముందు ఒక బండ మీద కూర్చుని టీ తాగుతూ బేరం ముగించాం.

రిజిస్ట్రేషన్ అయ్యాక మా అత్త పట్టుబట్టింది, మంగళవారం కాకుండా మంచి రోజు చూసి ఈశాన్యం రాయికి పూజ చేయాలని. ఈశాన్యం అంటే నీళ్లు ఉండే మూల. బోరు అక్కడే వేస్తారు. ముగ్గురం పోయి తూర్పు నుంచి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని రాళ్లు లెక్కపెట్టాం. నాలుగో రాయికి నీళ్లు పోసి పసుపు రాశాం. టెంకాయ కొట్టాం. నిమ్మకాయ కోసి, కుంకుమ అద్ది రాయికి రెండు పక్కలా పెట్టాం. మా అత్త ఆ రాయిని చేత్తో నిమిరి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. రాయిని చూసి ఏడ్చే రోజు వస్తుందని ఎవరన్నా చెప్పుంటే నవ్వేదాన్ని.

పది రోజుల తర్వాత మా పడమటి పక్క ప్లాటువాళ్లు బోరు వేయించారు. ఆమె బస్టాండు దగ్గర ఉగ్గాని బజ్జీల బండి పెట్టుకుంది, భర్త లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు ఊళ్లో ఉండడు. బోరు బండి పగలంతా తవ్వింది. ఆరు వందల అడుగుల దాకా దుమ్ము తప్ప తడి రాలేదు. మేమప్పుడు అక్కడ లేము. తర్వాత తెలిసిందేమంటే, బోరు కూలీ ఒకడు ఆ దుమ్ములో ఎండిన నిమ్మచెక్కలు, కుంకుమ, టెంకాయ చిప్పలు చూపించాడట. "అక్కా, ఎవరో నీ నీల్లు కట్టేసినారు" అన్నాడట. ఎవరు పెట్టారంటే టీ బంకు మనిషి మా గురించి చెప్పాడు.

ఆ మరుసటి రోజు మేము పునాదికి గీతలు వేయించడానికి పోయాం. మేస్త్రీ పత్రాల్లోని కొలతల ప్రకారం తాడు కట్టి సున్నం పోస్తున్నాడు. ఆమె పడమటి నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. ఒక్క మాట లేదు. సున్నం బుట్టను తన్నింది, మా అత్త జుట్టు పట్టుకుని నేలకేసి లాగింది. అరవై ఏళ్లు దాటిన మనిషి మోకాళ్ల మీద పడింది. గాజులు పగిలి మణికట్టులో దిగాయి. "నా నీల్లు కట్టేస్తావా ముసిల్దానా! నా కొంప ఆర్పుతావా!" అంటూ చెప్పు తీసి చెంపల మీద కొట్టింది. మా ఆయన విడిపించబోతే చెయ్యి కొరికింది. పళ్లు దిగిన చోట రక్తం ఉబికింది.

నా కాలి దగ్గర కడప బండ చెక్క ఒకటి ఉంది, అరచేతి మందం. తీశాను, కొట్టాను. చప్పుడు నాకిప్పటికీ గుర్తు, ఎండు గుమ్మడికాయ కిందపడ్డట్టు. ఆమె అలాగే కూర్చుండిపోయింది. ఎడమ కనుబొమ మీద చర్మం నోరు తెరిచింది. ఒక నిజం ఇక్కడ చెప్పాలి, ఇది మా ఆయనకు కూడా చెప్పలేదు. కొట్టిన ఆ క్షణంలో నాకు హాయిగా ఉంది. తొమ్మిది అద్దె ఇళ్లు, తన్నిన బిందె, మా అత్త ఊడిన గోరు, అన్నిటికీ కలిపి కొట్టాను. రెండో దెబ్బకు చెయ్యి లేచింది కూడా.

లేచిన చెయ్యి మధ్యలో ఆగింది. ఆ రక్తం ఎంత లోతు నుంచి వస్తోందో నా కళ్లు అప్పటికే చూసేశాయి. బండచెక్క పారేసి, కొంగు మడిచి గాయం మీద అదిమాను. ఆమె నా ముఖాన ఉమ్మింది. ఉమ్మిని తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. అలాగే ఆటో ఎక్కించి మా ఆసుపత్రికే తీసుకుపోయాను.

డ్యూటీ డాక్టరు చిన్నవాడు. రిజిస్టరు తెరిచి, "ఎట్లా తగిలింది?" అన్నాడు. నేను కొట్టానని ఆమె చెప్తే చాలు, పోలీసులు, కోర్టు, నా ఉద్యోగం, స్థలం, అన్నీ పోతాయి. ఆమె నావైపు చూడకుండా, "బోరు బండి కాడ బండ మీద పడినా సార్" అంది.

కుట్టడానికి నన్నే పిలిచారు. మత్తు సూది తీస్తే ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"నువ్విచ్చే సూది నాకొద్దు. అందులో ఏం మందు పెడ్తావో."

"మత్తు లేకుండా కుట్టకూడదక్కా, తట్టుకోలేవు."

"రాయికి తట్టుకోలేదా? కుట్టు."

కుట్టాను. ఆరు కుట్లు. సూది దిగిన ప్రతిసారీ ఆమె పళ్ల మధ్య నుంచి బూతులు వచ్చాయి. మొదటిది మా అత్తకు, రెండోది మా వంశానికి, మిగతా నాలుగూ నాకే. నేను కుడుతూనే చెప్పాను, మేమేమీ కట్టేయలేదని, మా రాయికే పూజ చేసుకున్నామని. ఆమె నమ్మలేదు.

"మరి యాల అబద్ధం చెప్పినావు డాక్టరుకు?" అన్నాను చివరి ముడి వేస్తూ.

"కేసు పడితే ఇల్లు ల్యాయదు నర్సమ్మా. శానా మందిని చూసినా. నీదీ ల్యాయదు, నాదీ ల్యాయదు. నేను బజ్జీల బాండ్లి కాడ కాలి కాలి కొనుక్కున్యా ఆ జాగా."

ఆ సాయంత్రం మా ఆయన కట్టు కట్టిన చేత్తో టీ బంకు ముందు కూర్చుని, ఊరికే కింద తడిమాడట. మేం బేరం చేసుకున్న ఆ బండ అడుగున పెచ్చులు కట్టిన ఎర్ర రంగు చేతికి తగిలింది, వంగి చూస్తే ఒకటి అంకె. తూర్పు మూల మొదటి రాయి అదే. బంకువాడు దాన్ని పీకి బెంచీ చేసుకున్నాడు. అంటే మేం రెండో రాయిని ఒకటి అనుకుని లెక్కపెట్టాం. మేం పూజ చేసింది అయిదో రాయికి. మాకది వాయవ్యం, ఆమెకు ఈశాన్యం. ఎవరూ ఎవరి నీళ్లూ కట్టలేదు. ఒకటో రాయి మీద మేమే కూర్చుని టీ తాగి, లెక్క తప్పి, ఆమె తల పగలగొట్టాం. మా ఆయన బండను ఆటోలో వేసుకుని ఆమె ఉండే ఇంటికి పోయి చూపించాడు. ఆమె చూసి, "శానా బాగుండాది కత" అని తలుపేసుకుందట.

ఆమెకు కుట్లు వేసిన ఎనిమిదో రోజు మా బోరు. నేను దేవుణ్ణి ఏమని మొక్కుకోవాలో తెలియక నిలబడ్డాను. నీళ్లు పడకపోతే ఇల్లు లేదు. పడితే మేమే కట్టేశామని ఆమెకు రుజువు దొరికినట్టు. రెండు వందల ఎనభై అడుగుల దగ్గర బురద నీళ్లు ఎగిసి పడ్డాయి. మా అత్త ఆ వర్షంలో నిలబడి చేతులెత్తి దండం పెట్టింది. నేను పడమటి వైపు చూశాను. ఆమె అప్పటికే వస్తోంది.

కుట్లు విప్పించుకునే రోజు అది. నేను ఆసుపత్రిలో లేనని తెలిసి ఇక్కడికే వచ్చింది. కత్తెర నా సంచిలోనే ఉంది, తీశాను. ఆమె నన్ను దాటి పోయి, దోసిట్లో ఆ బురద నీళ్లు పట్టి, పుక్కిలించి, మా ఇద్దరి మధ్య ఉన్న రాయి మీద ఉమ్మింది.

"ఇవి మా నీల్లు" అంది.

మా అత్త గడ్డపార అందుకుంది. మా ఆయన వాళ్లమ్మను పట్టుకున్నాడు. మేస్త్రీ నాలుగడుగులు వెనక్కి వేశాడు. నా చేతిలో కత్తెర ఉంది. అరచెయ్యి ఆ రోజులాగే వేడెక్కింది. రోకలి పట్టినప్పుడు, బండచెక్క ఎత్తినప్పుడు వచ్చిన వేడి అదే. ఇంకొక్క మాట వస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు, నా చేతిని చూసి నేను భయపడ్డాను.

"మీవేనక్కా" అన్నాను. "కూర్చో, కుట్లు విప్పుతా."

ఆమె ఆ రాయినే ఆనుకుని కూర్చుని కళ్లు మూసుకుంది. నన్ను నమ్మి కాదు, కనుబొమ మీద కత్తెర ఆడాలంటే ఎవరైనా కళ్లు మూసుకోవాల్సిందే. ఆరు దారాలూ తీశాను.

ఇప్పుడు రెండు ఇళ్లూ లేచాయి. మా బోరు నుంచి ఒక పైపు ఆ రాయి పక్కగా వాళ్ల తొట్టిలోకి పోతుంది. పొద్దున్నే తొట్టి నిండుతుంటే ఆమె గట్టిగా, మా వంటింట్లోకి వినబడేలా, "మా నీల్లు వచ్చినాయి" అంటుంది. నాకు తిట్టు నోటిదాకా వస్తుంది. అప్పుడు కిటికీలోంచి ఆమె కనుబొమ చూస్తాను. కొట్టిందీ నేనే, కుట్టిందీ నేనే. నా చేతి కుట్లన్నిటిలో అదొక్కటే వంకర.